సకారం చిట్లినప్పుడు

పాడే గొంతులోంచి వచ్చే శబ్దాల్లో రికార్డు సూదిని అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టేవి ఊష్మాలు. స, శ, ష; వాటి వెంటే చ, జ, మన దంత్య చకారం. పాట హాయిగా సాగుతూ ఉంటుంది. ఒక ‘స’ దగ్గరికి వచ్చేసరికి కాగితం చింపినట్టు చిట్లుతుంది. కొత్తగా టర్న్‌టేబుల్ కొన్నవాళ్ళు అది వినగానే కార్ట్రిడ్జ్ మంచిది కాదని తేల్చేసి ఇంకోటి కొంటారు. దానితోనూ అదే వినబడితే ఎల్పీలంటేనే ఇంతేనని వదిలేస్తారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. ఈ బాధ వెనుక అరడజను వేర్వేరు కారణాలుండవచ్చు. ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంది. చాలావాటిని పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు. కార్ట్రిడ్జ్ మార్చడం చివరి మెట్టు కావాలి.

అసలు సకారమే ఎందుకు? మాటలోని అచ్చులకు ఒక శ్రుతి ఉంటుంది. ఊష్మాలకు అది లేదు. అవి పళ్ళ సందున దూసుకుపోయే గాలి రొద. ఆ రొదలో బలమంతా దాదాపు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, కొందరి గొంతుల్లో ఇంకా పైకి పోతుంది. రికార్డు కోసేటప్పుడు పై శ్రుతులను కావాలనే పెంచి కోస్తారు. 1954 నుంచి ప్రమాణంగా నిలిచిన ఆర్‌ఐఏఏ పద్ధతి ప్రకారం 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ పెంపు 13.7 డెసిబెల్స్, అంటే దాదాపు అయిదు రెట్లు. తిరిగి వినేటప్పుడు ఫోనో ప్రీయాంప్ అంతే మేరకు తగ్గిస్తుంది, దానితోపాటు రికార్డు గరగర కూడా తగ్గుతుంది. మంచి ఉపాయమే. కానీ దాని భారమంతా సకారం మీద పడింది. గాలిలో చిన్నగా వినబడే ‘స’ గాడిలో పెద్ద కుదుపై కూర్చుంటుంది.

ఆ పైన వేగం సంగతి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర, అంటే కేంద్రం నుంచి 146 మిల్లీమీటర్ల దూరంలో, సూది కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు కదులుతుంది. పాటలు ముగిసే చోట, 60 మిల్లీమీటర్ల దగ్గర, అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే ‘స’ను అంచున రాస్తే 8 కిలోహెర్ట్జ్ తరంగానికి 64 మైక్రాన్ల చోటు దొరుకుతుంది, లోపల 26 మాత్రమే. గాడి అటూ ఇటూ ఒక్క మైక్రాన్ ఊగిందనుకుందాం. అంచు దగ్గర ఆ ఒంపు వ్యాసార్ధం వంద మైక్రాన్లకు పైనే ఉంటుంది. లోపల అది 17, 18 మైక్రాన్లకు కుదించుకుపోతుంది. మామూలు గోళాకార సూది మొన వ్యాసార్ధం 18 మైక్రాన్లు! ఊపు ఇంకాస్త పెరిగితే ఆ మొన ఆ ఒంపులో పట్టనే పట్టదు. లోపలి పాటల్లో సకారాలు చెడడానికి మూలం ఇక్కడ ఉంది. రికార్డు కోసే సూది పదునైన అంచులున్న ఉలి, వినిపించే సూది గుండ్రటి మొన. ఒకటి గీసిన దారిని రెండోది పూర్తిగా నడవలేదు. ఈ వక్రీకరణను గణితంతో లెక్కగట్టి చూపినవారు హార్వర్డ్‌కు చెందిన పియర్స్, హంట్. అది 1938లో.

దీన్ని మరో రెండు లోపాలతో కలిపేసి మాట్లాడడం వల్లే గందరగోళం అంతా వస్తోంది. మొన పెద్దదై ఒంపులో పట్టకపోవడం ఒకటి. సూది గాడి గోడను వదిలేసి గాలిలోకి ఎగిరి మళ్ళీ వచ్చి కొట్టుకోవడం రెండోది. మూడోది కోణం తేడా: కోసే సూది సరళరేఖలో లోపలికి జరుగుతుంది, మన టోన్‌ఆర్మ్ ఒక ఇరుసు చుట్టూ చాపంలో తిరుగుతుంది, కాబట్టి చాలా చోట్ల సూది గాడికి సరిగ్గా స్పర్శరేఖలో ఉండదు. చెవికి మూడూ ఒకలాగే చిట్లుతాయి. మందులు మాత్రం వేరు.

అందుకే ఏదైనా సరిచేసే ముందు ఒక్క తేడా పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. మీరు వింటున్నది పదునెక్కిన ‘స’నా, పగిలిన ‘స’నా? పదునెక్కిన ‘స’ శుభ్రంగానే ఉంటుంది, చెవిలో గుచ్చుతుంది, అంతే. రికార్డంతా, మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే తీరుగా ఉంటుంది. అది శ్రుతుల సమతుల్యంలో వచ్చిన తేడా. పగిలిన ‘స’ చుట్టూ చిరిగిన అంచులుంటాయి, అసలు గొంతులో లేని ముక్కలు వినబడతాయి. ఊష్మపు రొదలోని శ్రుతులు ఒకదానితో ఒకటి కలిసి కింది శ్రుతుల్లో కొత్త మలినాలను పుట్టిస్తాయి. ప్రీయాంప్ తగ్గింపు పై శ్రుతులకే ఎక్కువ, కాబట్టి ఈ మలినాలు తగ్గకుండా మిగిలిపోతాయి. అది సూదికీ గాడికీ మధ్య తాకుడులో వచ్చిన తేడా. మొదటిదానికి సూది బరువు మార్చి ప్రయోజనం లేదు, రెండోదానికి కేబుల్ మార్చి ప్రయోజనం లేదు.

ఈ తేడా పట్టడానికి తెలుగిళ్ళలో ఒక మంచి పరీక్ష రికార్డు ఇప్పటికే ఉంది. ఎం. ఎస్. సుబ్బులక్ష్మి విష్ణు సహస్రనామం. నామాల నిండా స, శ, షలే. లయ మారదు, గొంతు మారదు, వెనుక వాద్యాల హడావుడి లేదు. సినిమా పాటల రికార్డులో మొదటి పాటకూ చివరి పాటకూ గాయకులు, వాద్యాలు, రికార్డింగు అన్నీ మారిపోతాయి కాబట్టి పోల్చడం కష్టం. సహస్రనామంలో మారేవి సూది కింద గాడి వేగం, గాడితో సూది కోణం, ఈ రెండే. మొదట్లో శుభ్రంగా ఉన్న ‘ష’ లోపలికి పోయేకొద్దీ చెడిందంటే మొన ఆకారమో, అమరికో కారణం. మొదటి నుంచీ ఒకే విధంగా గుచ్చుతుంటే మరో దారిలో వెతకాలి. మగ గొంతు, మాట్లాడే మాట కావాలంటే ఘంటసాల భగవద్గీత పెట్టుకోవచ్చు. శ్లోకాల మధ్య ఆయన చెప్పే తెలుగు తాత్పర్యం పరీక్షకు పాటకంటే బాగా పనికొస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎడమ, కుడి విడివిడిగా వినాలి.

శుభ్రత సంగతి త్వరగా ముగిస్తాను. సూది మొనకు అంటుకున్న మురికి గాడిలో మొనను పైకి లేపుతుంది. మెత్తని బ్రష్షుతో వెనుక నుంచి ముందుకు తుడవాలి, పక్కలకు ఎప్పుడూ కాదు. గట్టిపడిన మురికికి మెలమిన్ స్పాంజి ముక్క మీద మొనను నిలువుగా ఆనించి లేపితే చాలు. రికార్డును కడిగాకే దాని మీద తీర్పు చెప్పాలి. వినైల్‌కు పలుచన చేసిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పర్వాలేదు, పాత 78 చుట్ల లక్క ప్లేట్లకు మాత్రం అది తగలకూడదు.

ఆ తర్వాత సూది బరువు. ఇక్కడ తరతరాలుగా వస్తున్న ఒక నమ్మకాన్ని వదిలించుకోవాలి. బరువు ఎంత తక్కువైతే రికార్డు అంత భద్రం అంటారు. అది తప్పు. బరువు చాలని సూది బలమైన ‘స’ దగ్గర గోడను వదిలి ఎగురుతుంది, తిరిగి పడేటప్పుడు వజ్రపు మొన మెత్తని వినైల్‌ను కొడుతుంది. ఆ దెబ్బ శాశ్వతం. తర్వాత ఎంత మంచి సూది పెట్టినా అక్కడ చిట్లు వినబడుతూనే ఉంటుంది. ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కు తయారీదారు చెప్పిన హద్దులు 1.8 నుంచి 2.2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.6 నుంచి 2.0. ఊష్మాలు పగులుతుంటే ఆ హద్దుల్లోనే పై సగంలోకి వెళ్ళడం క్షేమం. టోన్‌ఆర్మ్ వెనుక బరువు మీద ఉన్న అంకెలను నమ్ముకోవద్దు, గ్రాములో నూరో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా తక్కువ ధరకే దొరుకుతుంది. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో ముందుగా కొనాల్సిన వస్తువు అదే.

అమరికకు శతాబ్దపు చరిత్ర ఉంది. సూది కోణం తేడాను గురించి 1924లోనే ఇంగ్లండులో పెర్సీ విల్సన్ రాశాడు. 1938లో ఎరిక్ లోఫ్‌గ్రెన్, 1941లో బేర్వాల్డ్, 1966లో స్టీవెన్సన్ దాన్ని లెక్కల్లోకి తెచ్చారు. అందరూ చెప్పే మూలసూత్రం ఒకటే. టోన్‌ఆర్మ్ చాపం మీద రెండు చోట్ల మాత్రమే సూదిని గాడికి కచ్చితమైన స్పర్శరేఖలో ఉంచగలం, ఆ రెండు చోట్లు ఎక్కడ పెట్టుకుంటామన్నదే ప్రశ్న. బేర్వాల్డ్ లెక్కలో అవి కేంద్రం నుంచి 66, 121 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. అక్కడ తప్పు రికార్డంతా సమంగా పంచబడుతుంది. స్టీవెన్సన్ ఒక చోటును 60.3 మిల్లీమీటర్ల దగ్గర, అంటే ఎల్పీ చివరి పాట ముగిసే చోట పెట్టాడు. సింఫనీలు చివర్లో ఉధృతంగా ముగుస్తాయి కాబట్టి పాశ్చాత్య సంగీతం వినేవారికి అది నచ్చింది.

మన పాత సినిమా పాటలు చాలావరకు 45 చుట్ల ఏడంగుళాల ఈపీల మీద వచ్చాయి. ఈపీలో గాడి దాదాపు 84 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 54 దాకా పోగలదు. టోన్‌ఆర్మ్ ఎప్పుడూ లోపలి వైపే తిరుగుతుంది. చుట్ల వేగం ఎక్కువ కాబట్టి గాడి వేగం ఎల్పీ చివరికంటే మెరుగే, కోణం మాత్రం కఠిన పరీక్ష. ఇంట్లో ఎల్పీల కంటే ఈపీలు ఎక్కువ ఉన్నవారికి స్టీవెన్సన్ అమరికే తగినదని నేను అనుకుంటాను. ఎల్పీలు ఎక్కువ వినేవారు బేర్వాల్డ్ దగ్గర ఆగవచ్చు. ఈ రెండింటి మధ్య ఎంపిక కంటే, ఏదో ఒకదాన్ని కచ్చితంగా పాటించడం ముఖ్యం. సూది కోణం చూసుకునే గీతలున్న ప్రొట్రాక్టర్‌ను ఇంట్లో ప్రింట్ చేసుకుంటే ప్రింటర్ కాగితాన్ని కుదించిందేమో స్కేలుతో కొలిచి చూడాలి. గీతలతో సరిపోల్చాల్సింది కార్ట్రిడ్జ్ పెట్టెను కాదు, సూదిని మోసే సన్నని కాండాన్ని. ఆ కాండం పెట్టెలో కాస్త వాలుగా దిగి ఉండడం చవక రకాల్లో కొత్త కాదు. హెడ్‌షెల్ స్క్రూలను వదులు చేసి ఒక మిల్లీమీటరు జరిపితే లోపలి పాటల్లో ‘స’ ఎంత తేటపడుతుందో విన్నవారికి ఈ ఓపిక విలువ తెలుస్తుంది.

యాంటీ స్కేటింగ్ దగ్గర వాదాలు ఎక్కువ. టోన్‌ఆర్మ్ ఒంపు వల్ల, గాడి రాపిడి వల్ల సూదిని కేంద్రం వైపు లాగే బలం పుడుతుంది. దాన్ని అవతలి వైపుకు లాగి సరిచేయాలి. స్టీరియో గాడిలో లోపలి గోడ ఎడమ చానల్‌ది, బయటి గోడ కుడి చానల్‌ది. సరిచేసే బలం చాలకపోతే సూది లోపలి గోడను నొక్కి బయటి గోడను వదిలేస్తుంది, కుడివైపు ఊష్మాలు ముందు పగులుతాయి. ఎక్కువైతే ఎడమవైపు. ఈ గుర్తు ఒక్కటి తెలిస్తే సగం పని అయిపోతుంది. గాడి లేని నున్నటి ప్లేటు మీద సూది నిలబడేలా సరిచేసే అలవాటు కొందరికి ఉంది, అక్కడ మొన గోడలకు తగలదు కాబట్టి రాపిడే వేరు. హై-ఫై న్యూస్ పరీక్ష రికార్డులోని కఠినమైన ట్రాక్‌లు 300 హెర్ట్జ్‌వి. వాటిని శుభ్రంగా వినిపించాలని పట్టుబడితే యాంటీ స్కేటింగ్ మోతాదు మించుతుంది, మామూలు పాటలో ‘స’ మరో పక్క చెడుతుంది. సూది బరువు అంకెనే పెట్టి మొదలుపెట్టండి. రికార్డు చివరి మూడో వంతులో ఒక గొంతును వింటూ కొద్దికొద్దిగా జరపండి. రాపిడి పాట బిగ్గరతనంతో మారుతూ ఉంటుంది కాబట్టి అన్ని చోట్లకీ సరిపోయే ఒకే అంకె ఉండదు.

టోన్‌ఆర్మ్ ఎత్తు మీద నడిచే చర్చకు అంత చోటు ఇవ్వక్కర్లేదు. సూది రికార్డు మీద 92 డిగ్రీల దగ్గర వాలితే మంచిదంటారు. మామూలు టోన్‌ఆర్మ్ పొడవు సుమారు 230 మిల్లీమీటర్లు. దాన్ని 4 మిల్లీమీటర్లు లేపితే గానీ కోణం ఒక్క డిగ్రీ మారదు. అలాంటప్పుడు రికార్డు మందం మారినప్పుడల్లా ఎత్తు సరిచేసుకోవడంలో నాకు అర్థం కనబడదు. టోన్‌ఆర్మ్ రికార్డుకు సమాంతరంగా ఉంటే చాలు. సన్నని అంచున్న ఖరీదైన మొనలకు మాత్రం ఈ శ్రద్ధ కొంత ఫలిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది పగిలిన ‘స’ గురించి. పదునెక్కిన ‘స’కు కారణాల్లో అందరూ మరిచిపోయేది కెపాసిటెన్స్. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లోని తీగచుట్ట, కేబుల్‌లోని కెపాసిటెన్స్‌తో కలిసి ఒక చోట అనునాదం చేస్తుంది. వీఎం95ఈ ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. మొత్తం కెపాసిటెన్స్ 200 పికోఫారడ్‌లు ఉంటే అనునాదం 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, చాలామంది చెవికి అది దూరం. 400కు పెరిగితే 11 కిలోహెర్ట్జ్ కిందికి దిగి, అక్కడ రెండు మూడు డెసిబెల్స్ గూని లేపుతుంది. సరిగ్గా ఊష్మాల నెత్తిన! తయారీదారు సూచించింది 100 నుంచి 200. మీటరు కేబుల్ వంద పికోఫారడ్‌లు తేలిగ్గా పెడుతుంది, ప్రీయాంప్ లోపల మరో వంద నుంచి రెండు వందలు, టోన్‌ఆర్మ్ తీగలు మరికొంత. హద్దు దాటడం ఎంతసేపు? పొట్టి కేబుల్, తక్కువ కెపాసిటెన్స్ ఎంచుకునే స్విచ్ ఉన్న ప్రీయాంప్ దీనికి మందు. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లలో ఇండక్టెన్స్ అతి స్వల్పం కాబట్టి వాటికి ఈ బెడద లేదు. ఇదంతా సరిగ్గా ఉండి కూడా గుచ్చుతుంటే స్పీకర్ ట్వీటర్‌నూ, గది నున్నటి గోడలనూ, చివరికి రికార్డింగునూ అనుమానించాలి. అదే రికార్డింగు సీడీలోనో, స్ట్రీమింగ్‌లోనో కూడా అలాగే ఉంటే గాయకుడు మైకుకు మరీ దగ్గరగా నిలబడ్డాడన్నమాట. రికార్డు కోసే ఇంజనీర్లు డీ-ఎస్సర్‌తో ఇలాంటి సకారాలను ముందే అణిచేవారు. కోసే యంత్రపు తల వేడెక్కి చెడిపోకుండా కాపాడుకోవడానికి కూడా అది అవసరమయ్యేది.

అన్నీ సరిచేశాక మిగిలేది మొన ఆకారం. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. 1963లో అమెరికాలో ఆర్‌సీఏ డైనాగ్రూవ్ అనే పద్ధతి తెచ్చింది. గోళాకార మొన ఎలా తప్పుతుందో ముందే లెక్కగట్టి, దానికి విరుగుడుగా గాడినే వక్రంగా కోసేవారు. ఆలోచన తెలివైనదే. ఆ తర్వాత అండాకార మొనలు ఇళ్ళలోకి వచ్చేశాయి, వాటికి ఆ వక్రతే కొత్త దోషమైంది. పరిష్కారం గాడిలో కాక సూదిలో వెతకాలని ఆ అనుభవం తేల్చింది. మామూలు అండాకార మొన పక్క వ్యాసార్ధం 8 మైక్రాన్లు. పైన చెప్పిన 17 మైక్రాన్ల ఒంపులో అది సులభంగా దిగుతుంది. 1970ల్లో జేవీసీ నాలుగు చానళ్ళ సీడీ-4 రికార్డులు తెచ్చింది. వాటిలో 30 కిలోహెర్ట్జ్ వాహక తరంగాన్ని చదవాల్సి ఉండేది. దానికోసం నోరియో షిబాటా తయారు చేసిన మొన గాడి గోడను నిలువునా సన్నని గీతలా తాకుతుంది. సీడీ-4 కొన్నేళ్ళకే మూతపడింది, షిబాటా మొన నిలిచింది. మైక్రోలైన్ రకాలు ఇంకా సన్నం. లోపలి గాడుల్లో సకారం విషయంలో గోళాకార మొనకూ మైక్రోలైన్‌కూ ఉన్న తేడా, వెయ్యి రూపాయల కేబుల్‌కూ పాతిక వేల కేబుల్‌కూ మధ్య ఎన్నడూ వినబడదు.

మొన అరుగుదల కూడా లెక్కలోకి రావాలి. ఆడియో-టెక్నికా చెప్పే ఆయుష్షు అండాకార మొనకు 300 గంటలు, గోళాకారానికి 500, షిబాటాకు 800, మైక్రోలైన్‌కు 1000. ఖరీదైన మొన గంటకు లెక్కగడితే అంత ఖరీదైనది కాదు. పాత సూదుల్లో వజ్రం బాగున్నా, కాండాన్ని పట్టి ఉంచే రబ్బరు గట్టిపడిపోయి ఉండవచ్చు. మన ఎండలకు అది ఇంకా త్వరగా జరుగుతుంది. ష్యూర్ 2018లో కార్ట్రిడ్జ్‌ల తయారీ ఆపేశాక, సీల్ విప్పని పాత సూదులని చెప్పి అమ్మేవాటిని కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జపాన్ జికో లాంటివారు కొత్తగా తయారు చేస్తున్న సూదులే మేలు.

సూట్‌కేసు ఆకారంలో వచ్చే చవక ప్లేయర్లలో సెరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, బరువు అయిదు గ్రాముల దాకా పోతుంది, సరిచేయడానికి ఏ మరా ఉండదు. వాటి మీద సకారం బాగుపడదు. విలువైన పాత రికార్డులను వాటి మీద పెట్టవద్దని మాత్రం బతిమాలి చెబుతాను.

అరిగిన గాడి సంగతి ఇంకా మిగిలి ఉంది. 1960, 70ల్లో హెచ్‌ఎంవీ ఫియెస్టా, కాలిప్సో లాంటి ప్లేయర్ల మీద వందలసార్లు తిరిగిన ఈపీలు ఇప్పుడు చేతికొస్తున్నాయి. బరువైన గోళాకార సూది గోడను ఒక ఎత్తులో అరగదీసి ఉంటుంది. మైక్రోలైన్ లాంటి మొన గోడను మరింత లోతుగా, మరింత ఎత్తుదాకా తాకుతుంది కాబట్టి అరగని వినైల్‌ను అందుకోగలదు. కొన్నిసార్లు దెబ్బతిన్న చోటును మరింత స్పష్టంగా చదివి ఇంకా చెడగొడుతుంది కూడా. ఏది జరుగుతుందో రికార్డు మీద పెట్టి వింటేగానీ తెలియదు. వీఎం95 కుటుంబంలో పెట్టె ఒకటే ఉంచి గోళాకార, అండాకార, మైక్రోలైన్, షిబాటా సూదులను మార్చుకోవచ్చు. అరుదైన తెలుగు పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించేవారికి ఇది గొప్ప వెసులుబాటు. ఒకే ఈపీని రెండు మొనలతో ఎక్కించి, ఏ పాటకు ఏది తేటగా ఉందో ఎంచుకోవచ్చు. ఆపైన మిగిలిన పగుళ్ళను సాఫ్ట్‌వేర్ డీ-ఎస్సర్‌తో తగ్గించుకోవచ్చు. కాకపోతే సూది నుంచి నేరుగా వచ్చిన ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీద మాత్రమే ఆ పని చేయాలి.